‘మై నేమ్’: హంతకుడు ఎవరో ముందే తెలిసిపోయినా చివరిదాకా ఎందుకు చూశాం?

గోదారిగట్టు · శనివారం, రాత్రి 10:42

అందరూ 2021 అక్టోబరులోనే చూసేసిన కొరియా ధారావాహిక ‘మై నేమ్’ను నేను ఈ వారం చూశాను. ఎనిమిది భాగాలు, ఒక్కొక్కటి సుమారు యాభై నిమిషాలు. రెండు రాత్రుల్లో పూర్తయింది. మూడో రోజు ఆఫీసులో నా ముఖం చూసి జ్వరమా అని అడిగారు.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. యూన్ జి-ఊ బడిలో చదివే అమ్మాయి. తండ్రి మాదకద్రవ్యాల ముఠాలో మనిషి కాబట్టి పోలీసుల నిఘా, బడిలో వేధింపులు. పుట్టినరోజున ఆమె కళ్ల ముందే, సొంత ఇంటి గుమ్మంలో తండ్రిని ఎవరో చంపేస్తారు. చంపినవాడిని పట్టుకోవడానికి తండ్రి యజమాని అయిన ముఠా నాయకుడు చోయ్ మూ-జిన్‌ను ఆశ్రయిస్తుంది. చంపిన తుపాకీ పోలీసులదని అతను చెబుతాడు. ఆమె ఓ హే-జిన్ అనే కొత్త పేరుతో పోలీసు శాఖలో, అదీ మాదకద్రవ్యాల విభాగంలో చేరుతుంది.

నాకు అన్నిటికంటే మనసులో నిలిచిపోయింది ఆ గుమ్మం దృశ్యం. కూతురు లోపల, తండ్రి బయట. బయట ఏదో జరుగుతోందని ఆమెకు అర్థమవుతుంది, తలుపు తీయాలని చూస్తుంది. తలుపు తెరుచుకుంటే కూతురు కూడా పోతుందని తండ్రి బయటినుంచి దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాడు. అంతకుముందే అతనిమీద కోపంతో విరుచుకుపడింది ఆ పిల్ల. ఆ తరువాత ఏడు భాగాల్లో ఆమె ఎంతమందిని కొట్టినా నాకు ఆ తలుపును కొడుతున్నట్టే అనిపించింది.

లోపాలూ ఉన్నాయి. మీ అభిప్రాయాలు చెప్పండి, వాదించుకుందాం.

ఉప్పుచేప · శనివారం, రాత్రి 11:05

గోదారిగట్టు గారూ, తలుపు దృశ్యం బాగుంది, ఒప్పుకుంటాను. తరువాత? తండ్రిని చంపారు, బిడ్డ పగబట్టింది, ఆశ్రయం ఇచ్చినవాడే అసలు దోషి. ఇది మనకు కొత్తా? మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొనుక్కుని కూర్చున్న ఏ పిల్లాడైనా విశ్రాంతికి ముందే చెప్పేసేవాడు. మూ-జిన్ మొదటిసారి ఆ అమ్మాయి వైపు చూసినప్పుడే నేను మా ఆవిడతో ‘వీడే’ అన్నాను. మిగతా ఏడు భాగాలూ నా మాట నిజమవుతుందా లేదా అని చూశాను, అయింది. ఇంత డబ్బు పెట్టి తీసినవాళ్లు కాస్త బుర్ర కూడా పెట్టి ఉండవలసింది.

నిర్వాహకుడు · శనివారం, రాత్రి 11:09

ఉప్పుచేప గారు రెండో జవాబులోనే గుట్టు విప్పేశారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి చర్చ పైన హెచ్చరిక పెట్టాను: చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి. మిగిలినవాళ్లు నిర్భయంగా రాయవచ్చు.

నల్లబెల్టు అక్క · ఆదివారం, ఉదయం 6:20

పదిహేనేళ్లుగా ఆడపిల్లలకు కరాటే నేర్పుతున్నాను. తెరమీద ఆడవాళ్ల పోరాటాలు చూస్తే సాధారణంగా నాకు నవ్వు వస్తుంది. నలభై ఐదు కిలోల అమ్మాయి తొంభై కిలోల మగవాడిని ఒక్క తన్నుతో గోడకు అతికిస్తుంది, జుట్టు కూడా చెదరదు.

ఇందులో అలా లేదు. జి-ఊకు బలం చాలదని దర్శకుడు కిమ్ జిన్-మిన్ ఒక్కసారి కూడా మరచిపోలేదు. ఆమె దెబ్బలన్నీ గొంతు, మోకాలు, పక్కటెముకల కింద. బలం తక్కువైనవాళ్లు కొట్టవలసిన చోట్లు అవే. దెబ్బ తింటే పడుతుంది, లేవడానికి సమయం పడుతుంది, తరువాతి దృశ్యంలోనూ ఆ నొప్పి కనబడుతుంది. పదిమంది ఒక్కసారిగా మీదపడితే ఇరుకైన సందు వెతుక్కుంటుంది, ఒకేసారి ఒకరిద్దరికి మించి అందకుండా. మా పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: గోడను వెనక పెట్టుకో.

జి-ఊగా వేసిన హాన్ సో-హీ ఈ పాత్ర కోసం కొన్ని నెలలు శిక్షణ తీసుకుందనీ, పది కిలోల దాకా బరువు పెరిగిందనీ ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. అంతకుముందు ప్రేమకథల్లో, సంసార కథల్లో అందమైన అమ్మాయిగా చూసినవాళ్లకు ఇక్కడ ఆమె భుజాల కదలికే వేరుగా కనిపిస్తుంది. పోలీసు భాగస్వామి పిల్-డోగా వేసిన ఆన్ బో-హ్యున్ ఒకప్పుడు నిజంగానే బాక్సింగ్ ఆడినవాడు. అతని పాదాలు చూడండి, తెలిసిపోతుంది.

ఒక్క ఫిర్యాదు. గాయాలు మానే వేగం. నాకు గత సంవత్సరం మణికట్టు బెణికితే ఆరు వారాలు పట్టింది.

దేజాన్ విద్యార్థి · ఆదివారం, ఉదయం 9:48

నేను దక్షిణ కొరియాలో చదువుకుంటున్నాను. అక్క గారి మాటకు ఒక కొనసాగింపు. ఇంత పెద్ద ముఠాల మధ్య తుపాకులు లేకుండా కత్తులు, కర్రలతో కొట్టుకోవడమేమిటని మా హాస్టల్లో ఒక మిత్రుడు అడిగాడు. ఇక్కడ తుపాకుల మీద నియంత్రణ అంత గట్టిది. వేటకు అనుమతి ఉన్నవాళ్ల తుపాకీ కూడా మామూలుగా పోలీసు స్టేషనులోనే ఉంటుంది, వేటకాలంలో వెళ్లి తీసుకుని మళ్లీ అక్కడే అప్పగించాలి. అందుకే ఈ కథలో తుపాకీ పేలిందంటేనే ఒక ఆధారం. ఇక్కడి ప్రేక్షకుడు ‘తుపాకీ ఎవరి చేతికి రాగలదు’ అని ఆలోచిస్తాడు. ‘పోలీసుల తుపాకీ’ అని మూ-జిన్ అనగానే ఆ పిల్ల అంత సులువుగా ఎందుకు నమ్మిందో అప్పుడు అర్థమవుతుంది. తుపాకులు విరివిగా ఉన్న దేశంలో ఈ కథ మొదటి భాగంలోనే కూలిపోయేది.

ఇక నాకు నచ్చని విషయం. ఇక్కడ ప్రతి పౌరుడికీ పదమూడు అంకెల నమోదు సంఖ్య ఉంటుంది. పదిహేడేళ్లు నిండాక గుర్తింపు కార్డు ఇచ్చేటప్పుడు పది వేళ్ల ముద్రలూ తీసుకుంటారు. అలాంటి దేశంలో, హతుడి కూతురుగా పోలీసులకు బాగా తెలిసిన అమ్మాయి మరో పేరుతో ఏకంగా పోలీసు ఉద్యోగంలోనే చేరిపోవడం, ఆ హత్య గురించి పట్టింపు ఉన్న అధికారి కిందే పనిచేయడం… నాకు తృప్తి కలిగించే జవాబు తెరమీద దొరకలేదు.

విశ్రాంత ఎస్సై · ఆదివారం, మధ్యాహ్నం 12:15

బాబూ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ముప్పై మూడేళ్లు చేసి దిగాను. మా రోజుల్లో కానిస్టేబులుగా ఎంపికైన కుర్రవాడి పూర్వాపరాలు విచారించడానికి వాడి ఊరికి వెళ్లి, చదివిన బడిలో, పక్కింట్లో, చివరికి టీకొట్టులో కూడా అడిగేవాళ్లం. ఒక కుర్రవాడి మేనమామ మీద చిన్న కేసు ఉందని తెలిస్తే దానిమీద నాలుగు కాగితాలు రాయవలసి వచ్చింది. ఈ అమ్మాయి విషయంలో అక్కడివాళ్లు ఎవరినీ అడగలేదన్నమాట.

అయినా చూశాను. మనవరాలు పెట్టింది, మొదటి పది నిమిషాలు చూసి పడుకుందామనుకున్నాను. కథలో చా గి-హో అనే అధికారి ఉన్నాడు చూడండి, కిమ్ సాంగ్-హో వేసిన పాత్ర. ఆ మనిషి నడక, ఆ విసుగు, ఆ బొజ్జ, ఎదుటివాడిని నమ్మకుండానే అన్నం పెట్టే తీరు! నేను అలాంటి పై అధికారి కింద నాలుగేళ్లు పనిచేశాను. ముఠాలోకి పంపిన మనిషిని కోల్పోయిన అధికారి ఎలా ఉంటాడో ఆ నటుడు ముఖంతోనే చూపించాడు. మిగతావాళ్లు పోట్లాటల గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఈయన గురించి నేను చెబుతున్నాను.

చిట్టిగవ్వ · ఆదివారం, మధ్యాహ్నం 2:31

అందరూ మర్యాదగా తప్పుకుంటున్న విషయం నేను ఎత్తుతాను. చివర్లో పిల్-డో, హే-జిన్‌ల మధ్య ఆ సాన్నిహిత్యం. ఎందుకు?

ఏడు భాగాలుగా ఆమెకు పగ తప్ప మరో ఆకలి లేదని చూపించారు. పిల్-డో చెల్లెలు మాదకద్రవ్యాలకు బలైంది, ఆ దుఃఖంతో అతను ఈ ఉద్యోగంలో ఉన్నాడు. ఇద్దరూ మనుషులను పోగొట్టుకున్నవాళ్లు. ఒకరి పక్కన ఒకరు మౌనంగా కూర్చుంటే చాలు, మాకు అర్థమయ్యేది. దాన్ని హడావిడిగా పడకగది దాకా తెచ్చి, ఆ వెంటనే అతన్ని చంపేశారు. ప్రేమ పుట్టింది పాపం, చచ్చిపోవడానికే పుట్టింది! కథానాయకుడిని రెచ్చగొట్టడానికి కథానాయికను చంపే పాత పద్ధతినే తలకిందులు చేసి, ఇదిగో కొత్తదనం అన్నారు.

ఆ దృశ్యం ఉంటుందని చిత్రీకరణ మధ్యలోనే తెలిసిందనీ, పెడితే బాగుంటుందా అని తానే మొదట అడిగాననీ హాన్ సో-హీ ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఆ పాత్ర మోసిన మనిషికే సందేహం వచ్చిందంటే మన సందేహం తప్పు కాదుగా.

గోదారిగట్టు · ఆదివారం, మధ్యాహ్నం 3:02

చిట్టిగవ్వా, నేను కొంచెం అడ్డం వస్తాను. ఆ దృశ్యానికి ముందు ఆమెకు రెండు పేర్లు ఉన్నాయి, రెండూ ఎవరో ఇచ్చినవే. అతను ఆమెను పగ తీర్చుకునే యంత్రంగా చూడని మొదటి మనిషి. ఆ ఒక్క రాత్రి ఆమె తానుగా బతికింది అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. అతన్ని చంపిన తొందర మీద మాత్రం నీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కథ రాసిన కిమ్ బా-డాకు మరో రెండు భాగాలు ఇచ్చి ఉంటే ఆ బంధానికి ఊపిరి ఆడేది.

చిట్టిగవ్వ · ఆదివారం, మధ్యాహ్నం 3:10

మరో రెండు భాగాలు ఇచ్చి ఉంటే ఇంకో రెండు గోదాముల్లో పోట్లాటలు పెట్టేవాళ్లు.

రాత్రిబండి · ఆదివారం, సాయంత్రం 6:55

నేను రాత్రి షిఫ్టు మనిషిని, ఆలస్యంగా వస్తున్నాను. ఉప్పుచేప గారూ, మీతో నాకు పెద్ద తగాదా ఉంది.

హంతకుడు ఎవరో మీకు ముందే తెలిసిందన్నారు. నాకూ మూడో భాగానికల్లా తెలిసింది. అసలు దర్శకుడు దాన్ని పెద్దగా దాచలేదని నా నమ్మకం. దాచాలనుకుంటే మూ-జిన్ పాత్రకు పార్క్ హీ-సూన్‌ను ఎందుకు తీసుకుంటారు? ఆ మనిషి పెదవి చివర కదిలితేనే ఏదో దాస్తున్నాడని తెలుస్తుంది. ఇక్కడ బిగువు ‘ఎవరు చంపారు’ అన్నదానిలో లేదు. ‘చంపినవాడు ఈ పిల్లను ఎందుకు ఇంత శ్రద్ధగా పెంచుతున్నాడు’ అన్నదానిలో ఉంది.

ఒకసారి వరుస చూడండి. తండ్రి పోలీసుల మనిషి, ముఠాలోకి దొంగగా వచ్చినవాడు. కూతురు ముఠా మనిషి, పోలీసుల్లోకి దొంగగా వెళ్లింది. తనకు జరిగిన ద్రోహాన్నే మూ-జిన్ అచ్చుగుద్దినట్టు తిప్పి పంపాడు, అదీ ద్రోహం చేసినవాడి బిడ్డ చేతనే. కాబట్టి ఇందులో పగలు రెండు. జి-ఊ పగ మనకు తెలుసు. మూ-జిన్ పగ ఇంకా పాతది, ఇంకా లోతైనది: ప్రాణస్నేహితుడు అనుకున్నవాడు మొదటినుంచీ తనను పట్టించడానికే వచ్చాడని తెలిసినవాడి పగ. అతను చంపింది శత్రువును కాదు, అన్నదమ్ముడిలాంటివాడిని.

ఇక చిక్కు ఎక్కడ పడిందంటే, ఆయుధంగా పెంచుదామనుకున్న పిల్లను నిజంగానే కూతురిలా చూడటం మొదలుపెట్టాడు. ఆమెకు చంపడం నేర్పింది అతనే. చివర హోటల్లో ఆమె అతని గదికి చేరేసరికి, ఎదురుగా నిలబడ్డది తాను తయారుచేసిన పనితనమే. ఆ ఆఖరి కొట్లాటలో అతని ముఖంలో భయం కంటే మరేదో ఎక్కువ కనిపించింది నాకు. గర్వమా? అలసటా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పోలీసుల్లో దొంగ, దొంగల్లో పోలీసు అన్న ఎత్తు పాతదే. 2002లో వచ్చిన హాంకాంగ్ సినిమా ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ తరువాత ఎవరు తీసినా దానితో పోలిక తప్పదు. అక్కడ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉంటారు. ఇక్కడ ఒకరు తండ్రి, ఒకరు కూతురు, తండ్రి పోయాక కూతురు. ఆ తేడా చిన్నది కాదు.

ఉప్పుచేప · ఆదివారం, రాత్రి 8:14

రాత్రిబండి గారూ, బాగా రాశారు. ధారావాహిక కంటే మీ జవాబు బాగుంది. మీరు చెప్పినంత లోతు వాళ్లు తీశారా, మీరు కల్పించుకున్నారా అన్నది నా అనుమానం. తండ్రి రహస్యం బయటపడిన తరువాత ఆ అమ్మాయికి విషయం జీర్ణించుకోవడానికి ఎంత సమయం ఇచ్చారు? తన జీవితంలో ఐదేళ్లు అబద్ధమని తెలిసిన మనిషి ఒక పూట కూర్చుని ఏడవదా? వెంటనే కత్తి, వెంటనే కారు, వెంటనే రక్తం.

ముఠాలోని ఆ డో గాంగ్-జే గురించి ఎవరూ మాట్లాడరేమి? నడిమి భాగాలన్నీ వాడే మింగేశాడు. వెర్రినవ్వు, ముఖం మీద గాట్లు, అరుపులు. మూ-జిన్ లాంటి ప్రతినాయకుడిని ఇంట్లో పెట్టుకుని ఈ పగటివేషగాడికి అంత చోటు ఎందుకిచ్చారు?

నల్లబెల్టు అక్క · ఆదివారం, రాత్రి 8:40

గాంగ్-జే విషయంలో ఉప్పుచేప గారిది నిజమే. దానికి తోడు, ముఠాలో శిక్షణ పొందుతున్నప్పుడు జి-ఊకు మత్తుమందు ఇచ్చి ఆమె మీద దాడికి ప్రయత్నించే ఘట్టం ఉంది. ఆడమనిషి గట్టిపడాలంటే ముందు ఆ దారిలోనే నడవాలని ఈ రచయితలకు ఎవరు చెప్పారు? తండ్రి కళ్లముందు చచ్చిపోయాడు, అది చాలదా? మా క్లాసుకు వచ్చే పిల్లల్లో సగంమంది సరదాకు వస్తారు, మిగతా సగంమంది వాళ్ల అమ్మలు పంపితే వస్తారు. వాళ్లూ గట్టిగానే తయారవుతారు.

విశ్రాంత ఎస్సై · ఆదివారం, రాత్రి 9:05

ఆ దృశ్యం వచ్చినప్పుడు మనవరాలు ముందుకు జరిపేసింది. తాతయ్యా నువ్వు చూడకు అంది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే అని తెరమీద రాసి ఉంది, నాకు అరవై ఎనిమిది.

దేజాన్ విద్యార్థి · ఆదివారం, రాత్రి 9:37

తాతయ్య గారికి నమస్కారం!

పేర్ల గురించి ఒక మాట చెప్పాలనుంది. ఇంగ్లీషు ఉపశీర్షికలతో చూసినవాళ్లకు కొంత జారిపోతుంది. ఇక్కడ కూడా మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తరువాత. పెళ్లయినా ఆడవాళ్లు ఇంటిపేరు మార్చుకోరు, బిడ్డకు మామూలుగా తండ్రి ఇంటిపేరే వస్తుంది. కాబట్టి తండ్రి యూన్ డాంగ్-హూన్ కాదు, పోలీసు అధికారి సాంగ్ జూన్-సు అని తెలిసిన క్షణంలో ఆమె ఇంటిపేరే పోయింది. యూన్ జి-ఊ అబద్ధం, ఓ హే-జిన్ అబద్ధం, సాంగ్ జి-ఊగా ఆమె ఎన్నడూ బతకలేదు. ఈ శీర్షికకు అంత బరువు అక్కడినుంచి వచ్చింది. తమాషా ఏమిటంటే కొరియా భాషలో కూడా దీని పేరు ‘మై నేమ్’ అనే, ఆ ఇంగ్లీషు మాటలనే కొరియావాళ్ల హంగుల్ లిపిలో రాశారు. సొంత పేరు వెతుక్కునే కథకు సొంత భాషలో పేరు పెట్టలేదు!

ఇంకొకటి. కొరియా భాషలో ఎదుటివారి వయసు, హోదాను బట్టి క్రియ చివర మారుతుంది, మన నువ్వు, మీరు లాగా, ఇంకా ఎక్కువ అంతరాలతో. ఇంగ్లీషులో అంతా ‘యూ’ అయిపోతుంది. ఎవరు ఎవరితో మర్యాద తగ్గించి మాట్లాడారు, ఎప్పుడు చనువు పుట్టింది అన్నవి అక్కడే మాయమవుతాయి. పిల్-డో బంధం హఠాత్తుగా అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. దాన్ని మన భాషలోకి సరిగా తెస్తే ఆ అంతరాలు చాలావరకు నిలుస్తాయి. ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు ఎక్కడ జారారో తెలుగువాడి చెవికి చటుక్కున తెలుస్తుంది.

చిట్టిగవ్వ · ఆదివారం, రాత్రి 10:02

ఇది నాకు తెలియదు. పిల్-డో మీద నా కోపం పావువంతు తగ్గింది. దర్శకుడి మీద తగ్గలేదు.

రాత్రిబండి · ఆదివారం, రాత్రి 10:20

నాదొక చిన్న బాధ. మరో కొరియా ధారావాహిక ‘స్క్విడ్ గేమ్’ 2021 సెప్టెంబరు 17న వచ్చింది, ఇది అక్టోబరు 15న. నెల కూడా తిరగలేదు. ప్రపంచమంతా దానిలోని ఆకుపచ్చ దుస్తులు, గులాబీ రంగు దుస్తుల గురించి మాట్లాడుతుంటే ఈ నలుపు, బూడిద రంగుల కథ ఆ నీడలో పడిపోయింది. అదే నెలలో బూసాన్ చలనచిత్రోత్సవంలో ధారావాహికల కోసం మొదటిసారి పెట్టిన విభాగంలో దీన్ని కూడా ప్రదర్శించారు. సినిమాల పక్కన వేయదగ్గ పనితనం ఉందని అక్కడివాళ్లు అనుకున్నారనేగా.

ఉప్పుచేప గారూ, ఒక్క పని చేయండి. మొదటి భాగం మళ్లీ చూడండి. హంతకుడు ఎవరో తెలిసిన కళ్లతో, జి-ఊ సాయం అడిగి వచ్చిన ప్రతిసారీ మూ-జిన్‌ను మాత్రమే గమనించండి. అమ్మాయిని చూడకండి.

ఉప్పుచేప · సోమవారం, రాత్రి 11:48

చూశాను. మా ఆవిడ కూడా కూర్చుంది, ‘ఇది అయిపోయిందిగా, మళ్లీ ఎందుకు’ అంటూనే.

మీరు చెప్పినట్టు అతన్నే చూశాను. ఆ పిల్ల పగ, పగ అని అంటున్నప్పుడు అతను దాదాపు రెప్ప వేయడు. మొన్న నాకు అది కర్కోటకుడి చూపులా కనిపించింది, అందుకే ‘వీడే’ అన్నాను. ఇవాళ చూస్తే, స్నేహితుడి పోలికలు ఆ పిల్ల ముఖంలో వెతుక్కుంటున్నవాడిలా ఉన్నాడు. దొరికితే ప్రేమించాలో చంపాలో ఇంకా తేల్చుకోనట్టు. మా ఆవిడ అంది, ‘ఆ తలుపుకు ఇవతల పిల్ల ఉందని వీడికి తెలుసు కదా, అప్పుడే ఎందుకు చంపలేదు?’ అని. నా దగ్గర జవాబు లేదు. రాత్రిబండి గారి దగ్గర ఉంటే రాయండి.

గాంగ్-జే విషయంలో మాత్రం నేను మాట మార్చను.

రాత్రిబండి · మంగళవారం, తెల్లవారుజామున 4:30

మీ ఇంట్లోవాళ్ల ప్రశ్న చదివి టీ చల్లార్చుకున్నాను. షిఫ్టు దిగాక మొదటి భాగం నేనూ మళ్లీ పెట్టుకుంటాను.